జిల్లేడు పురుగులూ నా కడుపుమంటా

కడుపుమంటలో రెండు రకాలున్నాయి. ఒకటి మిరపకాయ బజ్జీలు తింటే వచ్చేది. మజ్జిగ తాగితే తగ్గుతుంది. రెండోది పక్కింటివాళ్ళను చూస్తే వచ్చేది. ఈ రెండో రకంతో నేను పడిన అవస్థ, దాన్ని చల్లార్చుకుందామని చేసిన ఘనకార్యం, ఆ ఘనకార్యం రథసప్తమి నాడు వీధి వీధంతా చూస్తుండగా నా నెత్తికే చుట్టుకున్న వైనం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు మాత్రం నవ్వు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

డెబ్బయ్యో దశకం చివరి రోజులు. పెళ్ళయి కొత్తగా తిరుపతిలో కాపురం పెట్టాం. మా ఆయనకు కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం. తిరుచానూరు రోడ్డును ఆనుకొని ఉన్న ఒక సందులో అద్దె ఇల్లు. ముందర నాలుగు మంచాలు వేసుకునేంత జాగా. ఆ జాగాకూ పక్కింటి జాగాకూ మధ్య నా భుజాల దాకా వచ్చే గోడ. నేను చేసిన పాపమంతా ఆ గోడ మీదుగానే చేశాను.

గోడ అవతల రాజ్యలక్ష్మి టీచరు ఉండేది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేది. మంచి మనిషి. అదే నాకు పెద్ద ఇబ్బంది. చెడ్డదయ్యుంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఆమెకు ఒక పిచ్చి ఉండేది. ఇంటి ముందర తోట వేసింది. కూరల కోసం కాదు, దేవుడి పూల కోసం కాదు, సీతాకోకచిలుకల కోసం! బంతి, బిళ్ళగన్నేరు, ముళ్ళగోరింట, మా గోడ పక్క మూలన ఒక తెల్ల జిల్లేడు. అన్ని పూలు పూస్తే ఒక్కటి కోసేది కాదు. తలలో పెట్టుకునేది కాదు, పటాలకు పెట్టేది కాదు.

"అదేందక్కా, చెట్టు నిండా పూలు పెట్టుకోని దేవుడికి ఒక్కటన్నా పెట్టవా?" అని నేనొకసారి అడిగాను.

"దేవునికి దండం పెడితే సాలుమే. ఈటికి పూలే కూడు" అంది.

వీధిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కానీ ఎండ పొడిచేసరికి ఆ తోట మీద నారింజరంగు రెక్కలు, వాటికి నల్లటి అంచులు, ఆ అంచుల్లో తెల్లటి చుక్కలు. పట్టుచీరలకు ప్రాణమొచ్చి ఎగురుతున్నట్టు ఉండేది. ముక్కున వేలేసుకున్నవాళ్ళే మళ్ళీ వచ్చి గేటు పట్టుకొని నిలబడేవాళ్ళు.

వాళ్ళు నిలబడితే నిలబడనీ. నా బాధ మా అత్తతో.

మా అత్త పుత్తూరులో మా మరిది దగ్గర ఉండేది. నెలకోసారి బస్సెక్కి వచ్చేది. ఆమె సంచి కింద పెట్టకముందే నేను డికాక్షను దించేదాన్ని. చిక్కటి పాలు, సరిపడా చక్కెర, నురగ పొంగేదాకా తిప్పి గ్లాసు చేతికిస్తే, ఆమె ఒక్క గుక్క తాగి లేచేది.

"రోంతసేపు టీచరమ్మ తోటలో కూసోనొస్తా మే సుగుణా."

కాఫీ నాది, పాలు నావి, కట్టెలు ఊది ఊది ఎర్రబడిన కళ్ళు నావి. తాగడం మాత్రం పక్కింటి అరుగు మీద! ఒకసారి తిరిగొచ్చి ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ అందీ, "ఆడ కూసుంటే కండ్లు సల్లబడతాయి మే. మనింటి ముందర ఏముండాది, బండలు."

బండలు! ఆ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. అమ్మా తల్లులారా, మీలో కోడళ్ళుగా బతికినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అప్పట్లో నాకు నగలు వద్దు, చీరలు వద్దు. మా అత్త మా వాకిట్లో కూర్చొని, మా తోట చూసి, "బాగుండాది మే" అని ఒక్కసారి అంటే చాలు. దానికోసం ఏమైనా చేసేటట్టు ఉన్నాను. చేశాను కూడా.

మర్నాడు మా ఆయన ముందర కూర్చున్నాను.

"మనమూ తోట ఏద్దాము. సీతాకోకచిలుకలకి."

"పక్కింట్లో ఉండాయి గదా. గోడ మీంద నుంచి సూడు, ఊరికే వస్తాది."

"నాకు మనింట్లో కావల్ల. బంతి, బిళ్ళగన్నేరు నేను తెచ్చుకుంటా. మీరు యాడన్నా ఒక తెల్ల జిల్లేడు మొక్క తవ్వుకోని రాండి."

"జిల్లేడా! పాడుబడిన కొంపల్లో మొలిచేదాన్ని ఎవురన్నా తెచ్చి నాటుకుంటారా?"

"టీచరమ్మ నాటుకోలేదా?"

"టీచరమ్మకి ఉండేదంతా నీకుండల్లంటే ఎట్లమే? ఆయమ్మ మొగునికి బట్టతల. నేను కొండకు పోయి గుండు కొట్టించుకోని వద్దునా?"

గుండు కొట్టించుకోలేదు గానీ, కరకంబాడి దోవలో ఎక్కడో తవ్వి జిల్లేడు మొక్క తెచ్చాడు. పాపం, మంచివాడు. నేను బండలు పీకించి, ఎర్రమన్ను పోయించి, పక్కింటి తోటను గోడ మీదుగా చూస్తూ అచ్చం అలాగే మొక్కలు పెట్టాను. ఆమె బంతి ఎక్కడుంటే నా బంతి అక్కడ. ఆమె జిల్లేడు ఏ మూలనుంటే నా జిల్లేడు ఆ మూలన. పరీక్షలో పక్క పిల్ల పేపరు చూసి రాసినప్పుడు కూడా నేనింత శ్రద్ధగా రాయలేదు.

వానలు పడ్డాయి. మొక్కలు ఏపుగా వచ్చాయి. బంతి విరగబూసింది. సీతాకోకచిలుకలు మాత్రం నిలవలేదు. వచ్చేవి. నా జిల్లేడు ఆకు మీద క్షణం సేపు వాలేవి. వెంటనే లేచి గోడ దాటి టీచరు తోటలోకి వెళ్ళిపోయేవి. మా ఆయన ఆఫీసులో కొందరు పొద్దున్నే సంతకం పెట్టి కాఫీ క్లబ్బుకు జారుకున్నట్టు! నేను మొక్కల మధ్య నిలబడి చూస్తూ ఉండేదాన్ని. ఆ పురుగుముండలకు కూడా నేనంటే లోకువైపోయిందని ఏడుపొచ్చేది.

ఎందుకు నిలవలేదో మీకు తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు. నేను పొద్దున లేవగానే చేసే మొదటి పని బుట్ట తీసుకొని పూలన్నీ కోసెయ్యడం. కొన్ని పటాలకు, కొన్ని గడపకు, కొన్ని జడలోకి. మొగ్గలు కూడా వదిలేదాన్ని కాదు. తెల్లారేసరికి తోట నున్నగా ఉండేది. పూలన్నీ కోసేసి సీతాకోకచిలుకలు ఎందుకు రావడం లేదని ఏడ్చే మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నన్ను చూడండి.

టీచరు ఒకరోజు గోడ మీదుగా చెప్పింది కూడా. "పూలు కొయ్యబాకమ్మా సుగుణా. చెట్టు మీంద ఉండనీ. అవే వస్తాయి."

నేను సరేనని తల ఊపి లోపలికొచ్చి మా ఆయనతో ఏమన్నానో తెలుసా? "సూసినారా కుళ్ళు? మన పూలు బాగుండాయని ఆయమ్మకి ఓర్వలేనితనం!"

కుళ్ళుబోతు కళ్ళకు లోకమంతా కుళ్ళే కనబడుతుంది. మా ఆయన నా మొహంకేసి చూసి, కాఫీ ఇంకొంచెం పొయ్యమన్నాడు.

సంక్రాంతి దాటాక నా జిల్లేడు మీద పురుగులు కనబడ్డాయి. అబ్బ, ఏం పురుగులు! ఒళ్ళంతా నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, నల్లటి కొమ్ములు. ఆకును అంచు నుంచి కొరుక్కుంటూ వస్తున్నాయి. సీతాకోకచిలుక జీవిత చరిత్ర నేను పదో తరగతిలో బొమ్మ గీసి మరీ రాశాను. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక, మధ్యలో బాణం గుర్తులు. మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ పుస్తకంలో పురుగు ఆకుపచ్చగా, మర్యాదగా ఉండేది. ఇట్లా పులివేషం వేసుకొని రాలేదు. పైగా పరీక్షలో రాసింది ఇంట్లో కూడా పనికొస్తుందని నాకెవరు చెప్పారు?

అదీగాక నా ఆలోచనంతా రథసప్తమి మీద ఉంది. ఆరోజు సూర్యోదయానికి జిల్లేడాకులు, రేగుపళ్ళు తల మీదా భుజాల మీదా పెట్టుకొని స్నానం చెయ్యాలి గదా. మనిషికి ఏడు ఆకులు. చిల్లులు పడ్డవి పనికిరావు. ఊరి బయటికి పోయి కోసుకొచ్చే ఓపిక లేక మా వీధి ఆడవాళ్ళంతా ఏటా టీచరు ఇంటికే పోయేవాళ్ళు. మా అత్త ఆ పండగకు మా ఇంటికి వస్తోంది. నా బుర్రలో ఒక దీపం వెలిగింది. టీచరు చెట్టుకు ఆకులు లేకపోతే వీధంతా నా చెట్టు దగ్గరికి వస్తుంది. మా అత్త కళ్ళారా చూస్తుంది!

ఇక చూడండి నా తెలివి. పొద్దున్నే కొళాయికి నీళ్ళు వచ్చే వేళకు టీచరు బిందెలతో పెరట్లో ఉండేది. ఆ సందు చూసుకొని నేను డబ్బా మూత తీసుకొని, నా జిల్లేడు మీది పురుగుల్ని పుల్లతో ఒక్కొక్కటే మూతలోకి తోసుకొని, గోడ మీదుగా చెయ్యి చాచి ఆమె జిల్లేడు మీద కుమ్మరించేదాన్ని. చంపొచ్చు గదా అంటారేమో. కొండ కింద కాపురముంటూ పొద్దున్నే జీవహత్య ఏమిటి? నేను భక్తురాలిని. అవి బతకాలి. బాగా తినాలి. కాకపోతే పక్కింట్లో తినాలి.

ఒకరోజు దొరికిపోయినంత పనైంది. చెయ్యి ఇంకా గోడ మీదనే ఉంది.

"ఏం సుగుణా, ఏం సేస్తా ఉండావు ఆడ?"

"ఏమీ లేదక్కా. మీ జిల్లేడు ఎంత బాగుండాదో అని సూస్తా ఉండా."

"సూడు తల్లీ, సూడు" అని నవ్వి ఆమె బిందె దించుకుంది. ఎంత అమాయకురాలు అనుకున్నాను. అమాయకురాలు ఎవరో ఆ రోజుకింకా తేలలేదు.

నా పురుగులు నన్ను మోసం చెయ్యలేదు. రాత్రింబగళ్ళు మేశాయి. చూస్తుండగా టీచరు జిల్లేడు కల్యాణకట్ట నుంచి బయటికొచ్చిన గుండులా తయారైంది. నా చెట్టు మాత్రం చిల్లు లేని ఆకులతో నవనవలాడుతోంది. నేను గోడ దగ్గర నిలబడి బాధ నటించాను.

"అయ్యో అక్కా, ఎవురి దిష్టో తగిలినట్టుండాది!"

"పోనీలేమ్మా, మళ్ళా సిగురిస్తాది" అంది. కాస్త కూడా ఏడవలేదు. నాకు భలే నిరాశ కలిగింది.

తర్వాత పురుగులు కనబడలేదు. తిండిలేక పోయుంటాయని అనుకున్నాను. ఆమె బంతి కొమ్మలకూ కంచె కర్రలకూ ఆకుపచ్చ జుంకీల్లాంటివి వేలాడుతూ కనిపించాయి. వాటి మీద బంగారు చుక్కలు కూడా ఉన్నాయి. ఇదేం కొత్తరకం కాయో, నాకు చెప్పకుండా ఎక్కడినుంచి తెచ్చిందో అని వాటిని చూసి కూడా కాసేపు కుళ్ళుకున్నాను.

రథసప్తమి రానే వచ్చింది. తెల్లవారుతూ ఉండగానే మా గేటు చప్పుడైంది.

"సుగుణా, టీచరమ్మ సెట్టు బోడైపోయింది మే. నీకాడ ఆకులుంటే ఈ తల్లీ."

ఒకరి వెనక ఒకరు. వీధంతా మా వాకిట్లోనే ఉంది. నేను కొంగు నడుముకు చుట్టి ఆకులు తుంచి ఇస్తున్నాను. మా అత్త గడపలో నిలబడి, "మా కోడలు పెంచింది. సూడండి, ఒక్క సిల్లన్నా ఉండాదేమో!" అని అందరికీ చూపిస్తోంది. ఆ మాటకు నేను నేల మీద లేను. అడగని వాళ్ళను కూడా పిలిచి ఇచ్చాను. ఇద్దరున్న ఇంటికి నలుగురికి సరిపడా ఇచ్చాను. చివరికి టీచరు కూడా వచ్చి చెయ్యి చాపింది. అందరికంటే పెద్ద ఆకులు ఏరి ఆమెకు ఇచ్చాను. ఇంత గొప్ప మనసు నాకుందని నాకే తెలియదు. అందరూ వెళ్ళాక చూస్తే నా చెట్టుకు కూడా ఆకు మిగల్లేదు. మిగలకపోతే ఏం, పని అయ్యిందిగా.

స్నానాలయ్యాయి. పిడకల మంట మీద పాలు పొంగించాం. ఎండ మెల్లగా వాకిట్లోకి వచ్చింది. మా అత్త పీట వేసుకొని మా వాకిట్లోనే కూర్చుంది. అవును, మా వాకిట్లోనే! గ్లాసు చేతిలో ఉంది. నా మొక్కల వైపు తిరిగింది. "బా..." అనేదాకా వచ్చింది.

"ఓ యమ్మా, ఈడికొచ్చి సూడండే!" అని గేటు బయట ఎవరో కేకపెట్టారు.

ఆ "బా" అక్కడే ఆగిపోయింది. అత్త లేచింది. గ్లాసుతో సహా వెళ్ళిపోయింది. నేను వెనకాలే పరుగెత్తాను.

టీచరు తోటలో ఆ ఆకుపచ్చ జుంకీలన్నీ చిట్లాయి. ప్రతిదానికీ ఒక సీతాకోకచిలుక తడి రెక్కలతో వేలాడుతోంది. ఆరినవి ఆరినట్టు లేస్తున్నాయి. బంతిపూల మీద, కంచె మీద, తడి తలలతో నిలబడ్డ ఆడవాళ్ళ భుజాల మీద, ఎటు చూసినా నారింజరంగు. నిజం చెప్పాలంటే, అంత అందమైనది నేను అంతకుముందు చూడలేదు. అంత కడుపుమంట కూడా అంతకుముందు ఎరగను.

"ఇన్ని యాడనుంచి వచ్చినాయి టీచరమ్మా?" అంది మా అత్త.

"నాదేముండాది పెద్దమ్మా, అంతా మీ కోడలి సలవ!"

నేను మెల్లగా మా అత్త వెనక్కి జరిగాను.

"నేను పెరట్లో నీళ్ళు పడతా ఉంటే, ఈ బిడ్డ వాళ్ళ సెట్టు మీంద పురుగుల్ని డబ్బా మూతలోకి ఏరి, ఒక్కటి నలగకుండా మా సెట్టు మీంద ఏసేది. పొద్దన్నే లేసి, రోజూ! నేను బిందె లోపల దించేటప్పుడు కిటికీలోంచి సూస్తానే ఉంటిని. సెప్పుకునేది ఇష్టం లేదేమోనని నేనూ అడగలా."

"పురుగులా?" అన్నాను నేను.

"అవే మే ఇవి. ఆ సారల పురుగే ఇట్లయ్యేది. సదువుకున్నదానివి, నీకు తెలీదా?"

"తెలుసు" అన్నాను. ఇంకేమనమంటారు?

టీచరు కళ్ళల్లో ఏదో మెరిసింది. అది కృతజ్ఞతో, ఎకసెక్కమో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. మా ఆయన మాత్రం గోడ అవతల తువ్వాలు నోట్లో కుక్కుకొని దగ్గుతున్నాడు. ఆ దగ్గు సాయంత్రం దాకా తగ్గలేదు.

ఇక మా అత్త. ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు ఎగాదిగా చూసింది. తర్వాత వీధి మొత్తానికి వినబడేలా అంది, "సూసినారా మా సుగుణను? ఆకులన్నీ వీధికిచ్చేసింది. సీతాకోకచిలకల్ని పక్కింటికి ఇచ్చేసింది. తనకని ఒక్కటన్నా పెట్టుకోలా. యాడ దొరుకుతాది ఇట్లాంటి కోడలు?"

ఎన్ని నెలలుగా ఎదురుచూసిన మెప్పు! వచ్చింది. వస్తే, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. సిగ్గుతో తల వంచుకున్నాను. దాన్ని కూడా అందరూ వినయం అనుకున్నారు.

అంతటితో పోయినా బాగుండేది. మా అత్త టీచరు చెయ్యి పట్టుకుంది. "నువ్వేమీ దిగులు పడబాక టీచరమ్మా. మా సెట్టు సిగురిస్తానే మళ్ళా పురుగులొస్తాయి. ఒక్కటి కూడా మాకొద్దు. అన్నీ నీకే. నేను మాటిస్తా ఉండా."

"అత్తా, అది కాదు..." అన్నాను.

"నువ్వుండు మే. నీ మనసు నాకు తెల్దా?"

చెట్టు చిగురించింది. ఈసారి నాకు అన్నీ తెలుసు. పూలు కొయ్యడం మానేశాను. బంతి విరగబూసింది. చారల పురుగులు వచ్చాయి, ముద్దుగా, బొద్దుగా. నేను వాటిని ఎంత ప్రేమగా చూసుకున్నానో, నా కన్నబిడ్డల్ని కూడా తర్వాత అంత ప్రేమగా చూసుకోలేదు. మా అత్తకు ఈ సంగతి ఎవరు చెప్పారో, మా ఆయనే అయ్యుంటాడు, పుత్తూరు నుంచి పొద్దున బస్సుకే దిగింది.

నేను ఉసూరుమంటూ డబ్బా మూత తీశాను. అత్త కసిరింది. "డబ్బా మూతలో, గోడ మీంద నుంచా? ఇచ్చేటప్పుడు మర్యాదగా ఇయ్యల్ల మే!"

ఇత్తడి పళ్ళెం తెచ్చింది. పసుపు కుంకుమ పెట్టింది. తమలపాకులు పరిచింది. వాటి మీద జిల్లేడాకులు, ఆకుల మీద నా పురుగులు. ఆ పళ్ళెం నా చేతుల్లో పెట్టింది. మా ఆయన మొహం పక్కకు తిప్పుకొని గేటు తెరిచి పట్టుకున్నాడు. దొంగచాటుగా చేసిన పనిని ఇప్పుడు పట్టపగలు, సారె మోస్తున్న ఆడపడుచులా నడివీధిలో చెయ్యాల్సి వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చి "ఎంత మంచి పిల్ల" అన్నారు.

టీచరు గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, తల పైకెత్తి కొండ వైపు చూసి, మనసులో గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. పక్కింటివాళ్ళను చూసి కుళ్ళుకోనని కాదు. అది నా వల్ల అయ్యే పని కాదు, ఏడుకొండలవాడికి అబద్ధం చెప్పకూడదు. నా ఒట్టు ఇది: స్వామీ, ఇక ఈ జన్మలో, పెద్దయ్యాక ఏమవుతుందో కనుక్కోకుండా దేన్నీ గోడ అవతలికి విసరను.